ఎం.ఏ. ఫిలాసఫీలో చేరితే దేవుడి మీద నమ్మకం పోతుందా? ఉద్యోగం వస్తుందా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. బీఎస్సీ అయిపోయింది, ఎం.ఏ. ఫిలాసఫీ చేయాలని ఉంది. "మతాల గురించి చదివితే నాస్తికులైపోతారు" అని అమ్మగారి భయం. "ఆ చదువుకి ఉద్యోగం ఎక్కడుంది?" అని నాన్నగారి ప్రశ్న. తెలుగు మీడియంలో చదివిన నేను ఆ పుస్తకాలు చదవగలనా అన్నది మీ సొంత టెన్షన్. ఇవన్నీ పక్కన పెట్టినా, తత్వశాస్త్రం, నీతిశాస్త్రం, మతం అంటూ యూనివర్సిటీలో అసలు ఏం చెబుతారో ఎవరూ సరిగా చెప్పడం లేదన్నారు.

నేను ఇరవై రెండేళ్లుగా ఈ సబ్జెక్టే చెబుతున్నాను. నా జవాబు ముందే చెప్పేస్తాను: చేరండి. అయితే మనశ్శాంతి కోసమో, జీవితానికి అర్థం దొరుకుతుందనో అయితే వద్దు. ఒక పేజీని మూడుసార్లు చదివి, నాలుగోసారి కూడా "ఇతను ఇలా ఎందుకన్నాడు?" అని ఆగగలిగే ఓపిక ఉంటే ఈ రెండేళ్లు మీకు నచ్చుతాయి. బతుకుతెరువుకు రెండో దారి ఒకటి మొదటి సెమిస్టర్‌లోనే మొదలుపెట్టండి. దాని సంగతి తర్వాత చెబుతాను.

ముందు అసలు ఏం చదువుతారో చెప్పాలి. బయట ఉన్న అపోహలన్నీ అక్కడే పుడతాయి.

చాలామంది ఫిలాసఫీ అంటే ప్రవచనం అనుకుంటారు. ప్రవచనంలో చెప్పేవారికి నిజం ముందే తెలుసు, వినేవారు దాన్ని అందుకుంటారు. అది మంచిదే, మా ఇంట్లోనూ వింటారు. క్లాసులో జరిగేది వేరు. అక్కడ ఏ మాటకైనా "ఎలా తెలుసు?" అనే ప్రశ్న ఉంటుంది. శంకరులు చెప్పినా సరే, జర్మన్ తత్వవేత్త కాంట్ చెప్పినా సరే.

మొదటి నెలలో నేను చెప్పే పాఠం ఒకటి మీకు ఇక్కడే చెబుతాను. మన ప్రాచీన తర్కశాస్త్రమైన న్యాయదర్శనంలో 'అనుమానం' అంటే సందేహం కాదు, కనిపించేదాన్నిబట్టి కనిపించనిదాన్ని తెలుసుకోవడం. దానికి ఐదు అవయవాలు. కొండ మీద నిప్పుంది, ఇది ప్రతిజ్ఞ. ఎందుకంటే పొగ కనిపిస్తోంది, ఇది హేతువు. పొగ ఎక్కడుంటే అక్కడ నిప్పుంటుంది, వంటింట్లో లాగా, ఇది ఉదాహరణ. ఈ కొండ మీద ఉన్నది అలాంటి పొగే, ఇది ఉపనయం. కాబట్టి కొండ మీద నిప్పుంది, ఇది నిగమనం. ఇంతవరకు అందరూ తల ఊపుతారు. అప్పుడు తిప్పి అడుగుతాను: "కొండ మీద పొగ ఉంది, ఎందుకంటే నిప్పుంది అంటే?" సగం మంది అదీ సరే అంటారు. కొలిమిలో ఎర్రగా కాలిన ఇనుప గుండు గుర్తు చేస్తాను. దానిలో నిప్పుంది, పొగ లేదు. అంటే నిప్పు ఒక్కటే పొగకు చాలదు, తడి కట్టె కూడా ఉండాలి. మనం చెప్పకుండా వదిలేసిన ఆ తడి కట్టెను నైయాయికులు, అంటే న్యాయదర్శనం వాళ్లు, 'ఉపాధి' అంటారు. ఉద్యోగం అనే అర్థంలో కాదు, దాగి ఉన్న షరతు అనే అర్థంలో.

ఆ రోజు సాయంత్రం పిల్లలకు ఇచ్చే పని ఏమిటంటే, ఇంట్లో వాట్సాప్ గ్రూప్‌కి వచ్చిన ఏదో ఒక మాట తీసుకుని దాంట్లో తడి కట్టె ఎక్కడుందో వెతకమని. "మా తాత రోజూ చుట్ట కాల్చి తొంభై ఏళ్లు బతికాడు, కాబట్టి చుట్ట వల్ల ఏమీ కాదు" అన్న మాట ఒక అబ్బాయి తెచ్చాడు. వాళ్ల తాతగారు రోజూ పొలం పని చేసేవారు, మితంగా తినేవారు, అదే ఊళ్లో చుట్ట కాల్చి యాభైకే పోయినవాళ్లను ఎవరూ లెక్కపెట్టలేదు. ఈ మూడూ ఆ అబ్బాయే రాసుకొచ్చాడు. తర్కం అంటే ఇదే. నీళ్లు నమిలే మాటలకూ నిలబడే మాటలకూ తేడా తెలుస్తుంది.

పై తరగతుల్లో ఆధునిక తర్కం కూడా ఉంటుంది. గుర్తులు, ట్రూత్ టేబుళ్లు, నిరూపణలు. మీది ఎంపీసీ అన్నారు కదా, ఆ పేపర్‌లో మీకు మంచి మార్కులు వస్తాయి. ఆర్ట్స్ నుంచి వచ్చినవాళ్లు అక్కడే ఎక్కువ తడబడతారు.

ఇక నీతిశాస్త్రం. "అబద్ధం ఆడరాదు" అని బళ్లో నేర్పిన పాఠమే అనుకుని వస్తారు. ఇక్కడ ప్రశ్న మరోలా ఉంటుంది. హంతకుడు తలుపు తట్టి మీ స్నేహితుడు లోపల ఉన్నాడా అని అడిగితే నిజం చెప్పాలా? 1797లో రాసిన ఒక వ్యాసంలో కాంట్, అప్పుడు కూడా అబద్ధం ఆడే హక్కు లేదన్నాడు. ఇదే పరిస్థితి మన మహాభారతం కర్ణపర్వంలో ఉంది. కౌశికుడనే తపస్వి సత్యవ్రతం పట్టాడు. దొంగలు తరుముతుంటే కొందరు అడవిలోకి పారిపోయి దాక్కున్నారు. దొంగలొచ్చి అడిగితే కౌశికుడు వాళ్లు పోయిన దారి చూపించాడు. దొంగలు వాళ్లను చంపేశారు, కౌశికుడు నరకానికి పోయాడు. గాండీవం ఇంకొకరికి ఇచ్చెయ్యమన్నవాడిని చంపుతానన్న ప్రతిజ్ఞ పట్టుకుని అర్జునుడు ధర్మరాజు మీదికే కత్తి దూసినప్పుడు కృష్ణుడు ఈ కథ చెబుతాడు.

క్లాసులో ఈ రెండూ పక్కపక్కన పెడితే గంటన్నర చాలదు. కౌశికుడి కథ వినగానే అందరూ కాంట్ తప్పు అంటారు. అప్పుడు కాంట్ తరఫున మాట్లాడమని ఒకరిని నిలబెడతాను. "ఫలితం చూసుకుని నిజం చెప్పడం మొదలుపెడితే రేపు ప్రతి అబద్ధానికీ ఒక మంచి కారణం దొరుకుతుంది" అని ఆ విద్యార్థి అనగానే గది నిశ్శబ్దమైపోతుంది. ఎందుకంటే ఆ మాటలో బలం ఉంది. ఆ నిశ్శబ్దం కోసమే నేను ఈ పాఠం ఏటా చెబుతాను.

దీన్నే మన సంప్రదాయంలో పూర్వపక్షం అంటారు. నీ సిద్ధాంతం చెప్పేముందు ఎదుటివాడి వాదనను పూర్తిగా, బలంగా, వాడే విని "అవును, నేను అన్నది ఇదే" అనేలా చెప్పాలి. 14వ శతాబ్దంలో మాధవాచార్యులు అన్ని దర్శనాలనూ పరిచయం చేసే సర్వదర్శన సంగ్రహం రాస్తూ మొదటి అధ్యాయం చార్వాకులకు ఇచ్చారు. ఆయన వేదాంతి. వేదాన్నే ఒప్పుకోని వాళ్లతో పుస్తకం మొదలుపెట్టడానికి ఆయన వెనకాడలేదు. రెండేళ్ల ఎం.ఏ.లో మీరు ఏ ఒక్కటి నేర్చుకున్నా ఇది నేర్చుకోండి.

ఇప్పుడు అమ్మగారి భయం దగ్గరికి వద్దాం. దీన్ని తేలిగ్గా తీసిపారేయకండి. ఆమె అడిగింది న్యాయమైన ప్రశ్న.

మతాన్ని బోధించడం వేరు, మతం గురించి చదవడం వేరు. రాజ్యాంగం 28వ అధికరణ ప్రకారం పూర్తిగా ప్రభుత్వ నిధులతో నడిచే విద్యాసంస్థలో మతబోధన ఉండకూడదు. కానీ మతాల గురించిన అధ్యయనానికి అడ్డు లేదు. 1948–49 నాటి విశ్వవిద్యాలయ విద్యా కమిషన్‌కు రాధాకృష్ణన్ గారు అధ్యక్షులు. డిగ్రీ మొదటి ఏడాది మహనీయులైన మత గురువుల జీవితాలు, రెండో ఏడాది వివిధ మత గ్రంథాల్లోంచి ఎంచిన భాగాలు, మూడో ఏడాది మత తత్వశాస్త్రంలోని ముఖ్య సమస్యలు చదివించాలని ఆ కమిషనే సూచించింది. అంత దైవభక్తి ఉన్న పెద్దమనిషికి, పిల్లలు ఈ ప్రశ్నలు చదివితే చెడిపోతారన్న భయం లేదు.

ఎం.ఏ.లో మత తత్వశాస్త్రం పేపర్‌లో ఏముంటుంది? దేవుడున్నాడనడానికి చెప్పిన వాదనలు, వాటికి వచ్చిన ఖండనలు. నైయాయికుడైన ఉదయనుడు రాసిన న్యాయకుసుమాంజలి ఈశ్వరుణ్ని తర్కంతో నిరూపించే ప్రయత్నం చేస్తే, కుమారిలుడి వంటి మీమాంసకులు (వేదవాక్యాల అర్థాన్ని విచారించే దర్శనం వాళ్లు) వేదాన్ని నమ్ముతూనే సృష్టికర్త అవసరం లేదంటారు. ఇది విని మొదటిసారి చాలామంది ఉలిక్కిపడతారు. బౌద్ధులు, జైనులు, సూఫీలు, పాశ్చాత్య తత్వవేత్తలైన అక్వినాస్, హ్యూమ్ అందరూ వస్తారు. దేవుడు దయామయుడైతే ఇంత బాధ ఎందుకు అన్న ప్రశ్న వస్తుంది.

నిజాయితీగా చెప్పాలంటే, ఇవన్నీ చదివాక నమ్మకం వదిలేసినవాళ్లు నా విద్యార్థుల్లో ఉన్నారు. చదివాకే నమ్మకం గట్టిపడ్డవాళ్లూ ఉన్నారు. ఏదీ జరగదని మీ అమ్మగారికి మాట ఇవ్వకండి. అలాంటి మాట ఎవరూ ఇవ్వలేరు.

ఒక అమ్మాయి గురించి చెబుతాను. వాళ్ల నాన్నగారు పాస్టర్. మూడో నెలలో ఒకరోజు క్లాసయ్యాక ఆగింది. "ముందులా ప్రార్థన చేయలేకపోతున్నాను, చేస్తుంటే మధ్యలో వాదనలు గుర్తొస్తున్నాయి" అంది. కళ్లలో నీళ్లు. నేను ఆ రోజు ఆమెకు ఏ సిద్ధాంతమూ చెప్పలేదు. ఆ సెమిస్టర్‌లో ఇంకో పేపర్ మీద దృష్టి పెట్టమన్నాను, ఇంటికెళ్లి నాన్నగారితోనే ఈ మాట అనమన్నాను. ఆయన కోప్పడలేదట. యోబు గ్రంథం తీసి, "ఇతను కూడా దేవుణ్ని నిలదీశాడు, అయినా ఈ పుస్తకాన్ని బైబిల్‌లోంచి ఎవరూ తీసెయ్యలేదు" అన్నారట. ఆ అమ్మాయి డిసర్టేషన్ బాధ సమస్య మీదే రాసింది. ఇప్పటికీ చర్చికి వెళుతుంది. "వాన పడాలని ప్రార్థించమంటే మాత్రం ఇప్పుడు నా వల్ల కాదు, తట్టుకునే బలం ఇవ్వమని అడుగుతాను" అని ఆ మధ్య ఫోన్లో చెప్పింది. నమ్మకం పోయిందా, మిగిలిందా? రెండు మాటల్లో దేనిలోనూ అది ఇమడదు.

ఇంకో సంగతి. మీకు నిజంగా కావలసింది శాస్త్రాధ్యయనమే అయితే, అంటే మూల గ్రంథాలను సంస్కృతంలో గురుముఖంగా పంక్తి పంక్తి చదవాలనుంటే, దారి వేరు. తిరుపతిలోని జాతీయ సంస్కృత విశ్వవిద్యాలయంలో న్యాయం, అద్వైతం, విశిష్టాద్వైతం, ద్వైతం వంటి విభాగాలు ఉన్నాయి. అది ఎం.ఏ. ఫిలాసఫీకి బదులు కాదు, ఇది దానికి బదులు కాదు. ఏది కావాలో ముందే తేల్చుకోండి. ఆ దారిలో మొదట ఎదురయ్యే అన్నంభట్టు తెలుగువాడని ప్రతీతి. ఆయన తర్కసంగ్రహాన్ని దేశమంతా తర్కంలో తొలి పుస్తకంగా ఈనాటికీ చదువుతారు. "కాశీగమనమాత్రేణ నాన్నంభట్టాయతే ద్విజః" అన్న నానుడి ఆయన మీదే పుట్టింది. కాశీకి పోయినంత మాత్రాన ఎవరూ అన్నంభట్టు అయిపోరని.

ఉద్యోగం. ఇక్కడ తీపి మాటలు చెప్పను. ఫిలాసఫీ అధ్యాపకుల పోస్టులు మన రెండు రాష్ట్రాల్లో చాలా తక్కువ, నోటిఫికేషన్లు ఏళ్ల తరబడి రావు. కేవలం లెక్చరర్ ఉద్యోగం మీదే ఆశ పెట్టుకుని రాకండి. ఆ దారిలో వెళ్లాలంటే యూజీసీ నెట్ (కాలేజీ అధ్యాపకుల అర్హతకు పెట్టే జాతీయ పరీక్ష) గానీ, రాష్ట్రం పెట్టే సెట్ గానీ తప్పదు. నెట్‌లో మొదటి పేపర్ 50 ప్రశ్నలు, రెండో పేపర్ ఫిలాసఫీలో 100 ప్రశ్నలు, కలిపి 300 మార్కులు, మూడు గంటలు, నెగెటివ్ మార్కులు లేవు. దానిలోనే జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే నెలకు 37,000 రూపాయల ఫెలోషిప్‌తో పీహెచ్‌డీ చేసుకోవచ్చు. జేఆర్‌ఎఫ్‌కు వయోపరిమితి ఉంది కాబట్టి ఎం.ఏ. రెండో ఏడాది నుంచే రాయడం మొదలుపెట్టండి. అయ్యాక చూద్దాంలే అనుకున్నవాళ్లలో చాలామంది మూడేళ్లు పోగొట్టుకోవడం నేను చూశాను.

సివిల్స్ ఆలోచన ఉంటే ఈ చదువు అక్కరకొస్తుంది. ఫిలాసఫీ ఆప్షనల్ రెండు పేపర్లు, 500 మార్కులు. రెండో పేపర్‌లో సగం మత తత్వశాస్త్రమే. ఇది కాక 2013 నుంచి జనరల్ స్టడీస్ నాలుగో పేపర్‌గా ఎథిక్స్ ఉంది, 250 మార్కులు. తెలుగులో రాయవచ్చు. కానీ ఎం.ఏ. చేస్తే ఆ మార్కులు వాటంతట అవే రావు. క్లాసులో ఒక ప్రశ్నతో రెండు వారాలు గడుపుతాం, అక్కడ ఏడు నిమిషాల్లో 150 పదాల జవాబు రాయాలి. ఆ అలవాటు వేరేగా చేసుకోవాల్సిందే.

నా దగ్గర చదివినవాళ్లు ఇప్పుడు ఏం చేస్తున్నారంటే: ఒకరు లా చేసి హైకోర్టులో ప్రాక్టీస్ చేస్తున్నారు, ఇద్దరు జర్నలిజంలో ఉన్నారు, ఒకరు బీఈడీ చేసి టీచర్ అయ్యారు, ఒకరు సాఫ్ట్‌వేర్ కంపెనీలో డాక్యుమెంటేషన్ రాస్తున్నారు, కొందరు ఫిలాసఫీతో సంబంధం లేని గ్రూప్స్ ఉద్యోగాల్లో స్థిరపడ్డారు. అందరూ రెండో దారి పట్టుకున్నవాళ్లే. అందుకే మొదట్లో ఆ మాట అన్నాను. టైపింగ్, అనువాదం, లా ఎంట్రన్స్, బీఈడీ, ఏదైనా సరే. మీకు మ్యాథ్స్ వచ్చు కాబట్టి సాయంత్రం ట్యూషన్లు చెప్పుకున్నా ఖర్చులు గడుస్తాయి.

చాలామందికి తెలియని ఒక చోటు చెబుతాను. మన దేశంలో కొత్త మందును మనుషుల మీద పరీక్షించాలంటే ఎథిక్స్ కమిటీ అనుమతి కావాలి. 2019 నిబంధనల ప్రకారం దానిలో కనీసం ఏడుగురు సభ్యులుండాలి. డాక్టర్లతో పాటు చట్టం తెలిసినవారు, మామూలు మనిషి ఒకరు ఉండాలి. వాళ్లతో పాటు సామాజిక శాస్త్రవేత్తకో, స్వచ్ఛంద సంస్థ ప్రతినిధికో, తత్వవేత్తకో, నీతిశాస్త్రం తెలిసినవారికో ఒక కుర్చీ ఉంటుంది. అలాంటి ఒక కమిటీలో నేను కొన్నేళ్లు కూర్చున్నాను. అది ఉద్యోగం కాదు, రాకపోకల ఖర్చుకు మించి పెద్దగా రాదు. కానీ నా చదువు ఎందుకు పనికొస్తుందో నాకు అక్కడే తెలిసింది.

ఒకసారి పేషెంట్లు సంతకం పెట్టాల్సిన సమ్మతి పత్రం తెలుగు కాపీ మా ముందుకొచ్చింది. "పాల్గొనుట ఐచ్ఛికము, ఉపసంహరణ హక్కు ఏ దశలోనైనను కలదు" అని ఉంది. తప్పేమీ లేదు, నిబంధనకు సరిపోయింది. నేను దాన్ని పైకి చదివి, కమిటీలో మామూలు సభ్యురాలిగా ఉన్న ఒక గృహిణిని "అమ్మా, దీన్నిబట్టి మీకేం అర్థమైంది?" అని అడిగాను. "ఏదో హక్కు ఉందంటున్నారు, ఏం హక్కో తెలీలేదు" అన్నారామె. మందులు పెట్టిన డాక్టరే వచ్చి కాగితం ముందు పెడితే, వద్దంటే వైద్యం ఆపేస్తారేమోనని భయపడే మనిషికి ఆ వాక్యం ఎందుకూ పనికిరాదు. అరగంట కూర్చుని మార్చాం: "మీకు ఇష్టం లేకపోతే వద్దు అని చెప్పండి. మధ్యలో మానేసినా ఎవరూ ఏమీ అనరు. ఇక్కడ మీకు జరుగుతున్న వైద్యం ఆగదు." మనిషిని కేవలం సాధనంగా వాడుకోకూడదని కాంట్ అన్నదాన్ని క్లాసులో ఎన్నో ఏళ్లు చెప్పాను. ఆ మూడు వాక్యాలు రాసేటప్పుడు దాని బరువు తెలిసింది.

ఇక మీ తెలుగు మీడియం సంగతి. కష్టం ఉంటుంది, మొదటి ఆరు నెలలే. నేనూ పదో తరగతి దాకా తెలుగులోనే చదివాను. నేను చేసింది ఇది: రోజుకి రెండే పేజీలు, చేతిలో పెన్సిల్, పేరా పక్కన తెలుగులో ఒక్క వాక్యం సారాంశం. సారాంశం రాయలేకపోతే ముందుకు పోకూడదు. ఫ్రెంచ్ తత్వవేత్త డెకార్ట్ రాసిన మెడిటేషన్స్‌తో మొదలుపెట్టండి, చిన్న పుస్తకం, ఆరు అధ్యాయాలే. భారతీయ దర్శనాలకు ఛటర్జీ, దత్తా రాసిన పరిచయ గ్రంథం చాలు, ఇంగ్లీషు సులువుగా ఉంటుంది. తెలుగు అకాడమీ పాత పుస్తకాలు సెకండ్‌హ్యాండ్‌లో దొరికితే వదలకండి. సంస్కృత పారిభాషిక పదాలు మనకు ముందే చెవిన పడి ఉంటాయి కాబట్టి భారతీయ దర్శనాల పేపర్లలో తెలుగువాళ్లకు కొంత లాభమే. గుంటూరు దగ్గర సంగం జాగర్లమూడిలో పుట్టిన కొత్త సచ్చిదానందమూర్తి గారు ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఫిలాసఫీ ఆచార్యులై, పద్మవిభూషణ్ దాకా వెళ్లారు. ఆయన తెలుగులోనూ తత్వశాస్త్రం రాశారు.

ఎక్కడ చదవాలి అంటే హైదరాబాద్ విశ్వవిద్యాలయం, ఉస్మానియా, ఆంధ్రా, శ్రీవేంకటేశ్వర చూడండి. ప్రవేశ పరీక్షలు ఇవి: మొదటిదానికి సీయూఈటీ పీజీ, ఉస్మానియాకు సీపీగెట్, ఏపీలో పీజీసెట్. సాధారణంగా ఏ డిగ్రీ అయినా చాలు, కానీ ఆ ఏడాది నోటిఫికేషన్ చదవకుండా ఫీజు కట్టకండి. ఉద్యోగం చేసుకుంటూ చదవాలంటే ఇగ్నోలో దూరవిద్య ఎం.ఏ. ఉంది. వీలైతే మాత్రం క్లాసుకే వెళ్లండి. ఈ చదువు సగం ఎదుట కూర్చున్నవాళ్లతో వాదించడంలోనే ఉంది.

దరఖాస్తు చేసేముందు ఒక పని చేయండి. ఒక తెల్ల కాగితం తీసుకుని, మీరు ఈ కోర్సులో ఎందుకు చేరకూడదో మీ నాన్నగారి తరఫున ఒక పేజీ రాయండి. ఇంటి అప్పు, చెల్లి చదువు, ఆయన రిటైర్మెంట్, ఏవి ఉంటే అవి. తగ్గించకుండా రాయండి. రాసి ఆయనకే చదివి వినిపించండి. "అవును, నేను అనేది ఇదే" అని ఆయన అంటే, అప్పుడు రెండో పేజీలో మీ జవాబు మొదలుపెట్టండి. ఆ రెండు పేజీలూ ఇక్కడ పెడితే నేను చదివి చెబుతాను.